నాలుగెకరాల బంగినపల్లి తోట నుంచి విదేశాలకు: చిన్న రైతు ముందు మార్చుకోవలసింది ఏమిటి

నూజివీడు దగ్గర నాలుగెకరాల బంగినపల్లి తోట ఉందని, తండ్రిగారి కాలం నుంచీ పూత మీదే గుత్తకు ఇస్తున్నారని, రాబోయే కాపును మీరే విదేశాలకు పంపాలని ఉందని రాశారు. పక్కనే ఉన్న మీ అన్నగారి తోట మాత్రం ఈసారి కూడా గుత్తకే పోతుందన్నారు. శీతల గది కట్టించాలా, గ్రేడింగ్ యంత్రం కొనాలా, ఎగుమతి లైసెన్సు ముందు తీసుకోవాలా అని అడిగారు. ఈ మూడింటికీ ఇప్పట్లో వద్దనే నా సమాధానం. మామిడి రైతు బృందాలతో చాలా ఏళ్లుగా పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను: ఎగుమతి బేరం కుదరకపోయినా హైదరాబాద్ మార్కెట్లో పెట్టుబడి తిరిగి వచ్చే మార్పు ఏదో అదే ముందు చేయాలి. బేరం కుదిరితే తప్ప పనికిరాని ఖర్చును మూడో ఏడాదికో నాలుగో ఏడాదికో వాయిదా వేయాలి. చిన్న కమతాల నుంచి పండు దేశం దాటించగలిగిన వాళ్లలో ఎక్కువ మంది ఈ వరసలోనే వెళ్లారు.

ఎందుకింత జాగ్రత్త అంటే, ఎగుమతి మార్కెట్ మనం ఊహించుకున్నంత పెద్దది కాదు. మన దేశంలో ఏటా రెండు కోట్ల టన్నులకు పైగా మామిడి పండుతుంటే, 2023-24లో తాజా పండుగా బయటికి వెళ్లింది సుమారు 32 వేల టన్నులు. వెయ్యి టన్నుల కాపులో రెండు టన్నులు కూడా ఓడగాని విమానంగాని ఎక్కడం లేదన్నమాట. అందులోనూ మహారాష్ట్ర, గుజరాత్‌ల వాటాయే ఎక్కువ. చిత్తూరు తోతాపురి గుజ్జుగా మారి వెళ్లే వ్యాపారం దీనికి పూర్తిగా వేరు. అక్కడ రైతు ఫ్యాక్టరీ గేటు దగ్గర టన్ను ధరకు అమ్ముకుంటాడు గాని ఎగుమతితో అతనికి నేరుగా సంబంధం ఉండదు. కాబట్టి మీ కాపు మొత్తం విదేశాలకు పోతుందన్న లెక్కతో అప్పు చేయకండి. మొదటి ఏడాది కాపులో ఆరో వంతు వెళితే అది చాలా మంచి ఫలితమని నేనంటాను. మిగతా అయిదు వంతులకు ఏ ధర వస్తుందన్న దాని మీదే మీ ఇల్లు గడుస్తుంది.

ముందుగా మానుకోవలసింది గుత్త. పూత మీద తోట కొన్న గుత్తేదారుకు ఆ ఏడాది పండే బరువు ముఖ్యం. తేనెమంచు పురుగుకో తామర పురుగుకో భయపడి అతను ఏ మందు కొట్టాడో, ఎన్నిసార్లు కొట్టాడో, ఏ రెండింటిని ఒకే ట్యాంకులో కలిపాడో మీకు తెలియదు. అతనికీ గుర్తుండదు. విదేశీ కొనుగోలుదారు అడిగే మొదటి ప్రశ్న మాత్రం సరిగ్గా అదే. ఇది గుత్తేదారును తప్పు పట్టే మాట కాదు. పూత నిలుస్తుందో లేదో తెలియని రోజుల్లో రైతు చేతికి డబ్బిచ్చి, వాన దెబ్బను, గాలి దెబ్బను తన నెత్తిన వేసుకునే మనిషి అతను. ఆ భరోసా వదులుకోవడం నాలుగెకరాల రైతుకు తేలిక కాదు. అందుకే తోట మొత్తాన్ని ఒకేసారి గుత్త నుంచి తప్పించమని నేను చెప్పను. ఒకటిన్నర ఎకరం మీ చేతిలో ఉంచుకుని, మిగిలినది మామూలుగా ఇవ్వండి. ఆ ఎకరంన్నరకు వేరుగా ఒక నోటు పుస్తకం పెట్టండి.

ఇక అసలు పని చెట్టు మీదే కాయకు కాగితపు కవరు కట్టడం. బొమ్మల్లో చూసి ఇది సులువనుకుంటారు గాని, దీని లాభమంతా వివరాల్లోనే ఉంది. పిందె రాలడం తగ్గి, కాయ కోడిగుడ్డు సైజుకు వచ్చినప్పుడు కట్టాలి. అంతకు ముందు కడితే రాలిపోయే పిందెకు కవరు వృథా అవుతుంది. ఆలస్యంగా కడితే పండు ఈగ అప్పటికే గుడ్లు పెట్టి ఉండవచ్చు. కట్టే ముందు, అనుమతి ఉన్న తెగులు మందును చివరిసారి పిచికారీ చేసి, కాయ పూర్తిగా ఆరనివ్వాలి. తడి కాయకు కవరు కడితే లోపల పక్షికన్ను తెగులు, పిండినల్లి మనమే పెంచిపోషించినట్లవుతుంది. కవరు మూతికి ఉండే సన్నని తీగను తొడిమ చుట్టూ బిగుతుగా మడవాలి. కొమ్మకు కట్టకూడదు, ఎందుకంటే గాలికి కొమ్మ ఊగినప్పుడు కాయ బరువు కవరు మీద పడి అది చిరిగిపోతుంది. లోపల నల్లపొర ఉన్న కవరులో పెరిగిన బంగినపల్లి లేత పసుపు రంగుతో, మచ్చ లేకుండా, సొన చార లేకుండా దిగుతుంది. పండ్ల దుకాణంలో దాన్ని పక్కన పెడితే మామూలు కాయ ఎంత బాగున్నా పాతదిలా కనిపిస్తుంది.

ఖర్చు లెక్క చూద్దాం. కవరు రెండున్నర రూపాయలు, కట్టే కూలి కాయకు ఒకటిన్నర రూపాయి అనుకుంటే కాయకు నాలుగు రూపాయలు. కాయ 370 గ్రాములు తూగితే కిలోకు దాదాపు పదకొండు రూపాయల అదనపు ఖర్చు. కవరు ధర ఊరిని బట్టి, నాణ్యతను బట్టి మారుతుంది, రాయితీ పథకాలు కూడా ఏటా మారుతుంటాయి, కాబట్టి రైతు సేవా కేంద్రంలో అడిగి మీ అంకెలు వేసుకోండి. ఆ తరువాత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పండ్ల దుకాణాలకు నేరుగా సరఫరా చేసే ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో మాట్లాడి, కవరు కాయకు కిలోకు ఎంత ఎక్కువ ఇస్తారో తెలుసుకోండి. ఆ తేడా పదకొండు రూపాయలకన్నా స్పష్టంగా ఎక్కువ ఉంటే మీ ప్రయోగానికి నష్టభయం లేదు. ఎగుమతిదారు రాకపోయినా మీరు మునగరు. ఆ తేడా లేకపోతే కవర్లు తగ్గించి కట్టండి; ఎగుమతి మీద ఆశతో పెంచకండి.

ఎన్ని కాయలకు కట్టాలన్నది మరో ప్రశ్న. 2021 మే నెలలో కృష్ణా, చిత్తూరు జిల్లాల రైతుల నుంచి సేకరించిన బంగినపల్లి, సువర్ణరేఖ పండ్లు రెండున్నర టన్నులు తిరుపతిలో ఆవిరి శుద్ధి (కాయలో పురుగు చావడానికి వేడి ఆవిరిలో ఉంచడం) చేయించుకుని దక్షిణ కొరియా వెళ్లాయి. ఆ సరుకునే కొలతగా తీసుకుంటే, రెండున్నర టన్నులంటే దాదాపు ఏడువేల కాయలు. కవరు కట్టిన కాయల్లో పదింట ఏడు ప్యాక్‌హౌస్‌లో (కాయను ఏరి, పెట్టెల్లో సర్దే కేంద్రంలో) నిలుస్తాయనుకున్నా పదివేల కవర్లు కట్టాలి. ఎకరంన్నరలో పదివేల కాయలు ఉంటాయి గాని, అవన్నీ ఒకే రోజు కోతకు రావు. పెద్ద తోటకైనా చిన్న తోటకైనా ఇదే చిక్కు. కాని పెద్ద తోటవాడికి చెట్లు ఎక్కువ గనక ఒక్క రోజు కోతలోనే సరిపడా కాయ దొరుకుతుంది, మనకు దొరకదు. మనం పది మందిమి కలవాల్సిన కారణాల్లో ఇది మొదటిది.

కవరులో ఉన్న కాయ పక్వానికి వచ్చిందో లేదో బయటికి తెలియదన్న ఇబ్బంది కూడా ఉంది. రంగు చూసి కోసే అలవాటు ఇక్కడ పనికిరాదు. దీనికి అరటి రైతులు ఎప్పటినుంచో వాడుతున్న ఉపాయాన్ని కొందరు మామిడిలోకి తెచ్చారు. ఎగుమతి అరటి తోటల్లో గెల వేసిన వారాన్ని బట్టి ఒక్కో వారానికి ఒక్కో రంగు రిబ్బను కడతారు. కోత రోజున ఆ వారపు రంగు ఉన్న గెలలే దిగుతాయి. అలాగే మామిడిలో కవరు కట్టిన వారాన్ని బట్టి తీగతో పాటు ఒక రంగు దారం ముడివేస్తే, ఏప్రిల్‌లో కూలివాళ్లు చెట్టు కింద నిలబడి ‘ఈ రోజు ఎరుపు మాత్రమే’ అన్న ఒక్క మాటతో కోత మొదలుపెట్టగలరు. అయినా ప్రతి రంగులో నాలుగైదు కాయలు కోసి చూడాలి. తొడిమ దగ్గర భుజాలు ఉబ్బి తొడిమ లోపలికి దిగినట్లు కనిపించాలి, నీళ్ల బకెట్‌లో వేస్తే మునగాలి, టెంక గట్టిపడి కండ లేత పసుపుకు తిరిగి ఉండాలి. తేలిన కాయ లేత కాయ. దాన్ని వేడి శుద్ధికి పంపితే భుజాల దగ్గర గుంటలు పడి, కండలో తెల్లటి గట్టి మచ్చలు మిగులుతాయి. ఆ లోపం ప్యాక్‌హౌస్‌లో కనబడదు, కొన్నవాడి ఇంట్లో కనబడుతుంది.

ముసలి చెట్లున్న తోటలో కవరు పని నిచ్చెన పనే. నలభై అడుగుల చెట్టు చిటారు కొమ్మన ఉన్న కాయకు కవరు కట్టించడం కూలి దండగ, మనిషికి ప్రమాదం కూడా. కోత అయిపోయిన వెంటనే, అంటే జూన్ చివర, జూలైలో, చెట్టు నడిమి కొమ్మను తీసి వెలుతురు లోపలికి పడేటట్లు చేస్తే రెండు మూడేళ్లలో కాపు కిందికి దిగుతుంది. ఈ ఏడాదికి మాత్రం చేతికి, చిన్న నిచ్చెనకు అందే కొమ్మలకే కవర్లు పరిమితం చేయండి.

ఇప్పుడు పండు ఈగ. 2014 మే 1 నుంచి ఐరోపా సమాఖ్య మన మామిడిని, దానితో పాటు వంకాయ, కాకర, పొట్ల, చేమ రకాలను నిషేధించింది. అంతకు ముందు ఏడాది భారత్ నుంచి వెళ్లిన పండ్లు, కూరగాయల సరుకుల్లో 207 సార్లు పండు ఈగ వంటి పురుగులు దొరకడమే కారణం. మామిడి మీద నిషేధాన్ని 2015 జనవరిలో ఎత్తివేశారు గాని, వేడి శుద్ధి, రిజిస్టర్ అయిన ప్యాక్‌హౌస్, తోట నమోదు లేకుండా ఆ దారి ఇక తెరుచుకోదు. మీ ఒక్క తోటలో మగ ఈగలను ఆకర్షించే మిథైల్ యూజినాల్ ఎరబుట్టలు వేలాడదీసి ఊరుకుంటే ఈగ పోదు. పక్క తోటలో రాలి కుళ్లిన కాయల నుంచి పురుగులు నేలలోకి దిగి, ప్యూపాలై, మళ్లీ ఈగలై మీ తోటకే వస్తాయి. రాలిన కాయలను రెండు మూడు రోజులకోసారి ఏరి లోతుగా పూడ్చడం ఎవరికీ ఇష్టం లేని పని. ఎరబుట్టకు రాయితీ ఇస్తారు గాని రాలిన కాయ ఏరినందుకు ఎవరూ ఇవ్వరు. అయినా ఈగ మీద గెలుపోటములు అక్కడే తేలుతాయి. ఈ పనిని ఒకే పొలిమేరలోని పదిమంది ఒకే వారంలో చేస్తేనే ఫలితం.

దానికన్నా కష్టమైనది మందుల అవశేషాల సంగతి. ఐరోపాలో ఒక మందుకు ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించకపోతే కిలోకు 0.01 మిల్లీగ్రాముల పరిమితి వర్తిస్తుంది. వంద టన్నుల పండ్లలో ఒక్క గ్రాము మందు ఉన్నంత అన్నమాట. మన దుకాణంలో చట్టబద్ధంగా అమ్మే మందు అక్కడి పరిమితికి లోబడుతుందని అర్థం కాదు. క్లోరిపైరిఫాస్ అనే పురుగుమందు పరిమితిని ఐరోపా 2020లో ఈ కనిష్ఠ స్థాయికి తగ్గించేసింది. ఇక్కడ రైతు చేతికి తేలిగ్గా అందే మందుల్లో అదొకటి. ఇంకో ఉదాహరణ ద్రాక్షది. 2010లో మహారాష్ట్ర ద్రాక్ష ఐరోపాలో తిరస్కరణకు గురైంది. కారణం పురుగుమందు కాదు, తీగ పెరుగుదలను అదుపు చేయడానికి వాడిన క్లోర్‌మీక్వాట్ అనే హార్మోను మందు. ఆనాటికే ప్రతి ద్రాక్ష తోటకు నమోదు సంఖ్య, ప్రతి సరుకుకు పరీక్ష ఉన్నాయి. అయినా పరీక్షించే జాబితాలో ఆ మందు లేకపోవడంతో ఇక్కడ దొరకలేదు, అక్కడ దొరికింది. మామిడిలో పూత కోసం కల్తార్ (ఇదీ చెట్టు పెరుగుదలను అదుపు చేసే మందే) పోసే రైతులు ఈ పాఠాన్ని తమకు వర్తింపజేసుకోవాలి. మొదట్లో పోసిన మందు కదా అని మీ పుస్తకంలో రాయకుండా వదలకండి. కొనేవాడికి ముందే చెబితే అతను తన దేశపు పరిమితి చూసుకుని నిర్ణయించుకుంటాడు. దాచి పంపితే దెబ్బ మీ ఒక్కరితో ఆగదు, బృందం మొత్తం మీద పడుతుంది.

పుస్తకం అన్నాను గనక అందులో ఏముండాలో చెబుతాను. తేదీ, ఏ వరస చెట్లు, మందు పేరు, డబ్బా మీది బ్యాచ్ సంఖ్య, ట్యాంకుకు ఎంత కలిపారు, కొట్టింది ఎవరు, ఆ మందుకు కోతకు ముందు ఆగవలసిన రోజులెన్ని. ఇంతే. ఖాళీ డబ్బా లేబుల్‌ను ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మంచిది. వీటితోనే అపెడా (కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ) నడిపే హార్టినెట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో తోట నమోదు, ఉద్యాన శాఖ తనిఖీ, ఆ తరువాత గ్లోబల్ గ్యాప్ (మంచి సాగు పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణం) వంటి ధ్రువీకరణ సాధ్యమవుతాయి. గ్లోబల్ గ్యాప్‌లో బృందంగా ధ్రువీకరణ పొందే వీలుంది, ఒక్కో రైతు విడిగా ఖర్చు భరించనక్కర్లేదు. కాకపోతే బృందంలో ఒకరి పుస్తకం తప్పుల తడకగా ఉంటే అందరి సర్టిఫికేట్‌కూ ముప్పే.

బృందం గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. 2002 నాటి కంపెనీల చట్ట సవరణ పుణ్యమా అని పది మంది రైతులు కలిస్తే ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకోవచ్చు. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం తెచ్చాక, మైదాన ప్రాంతంలో కనీసం మూడు వందల మంది సభ్యులన్న నిబంధనతో ఊరూరా సంఘాలు వెలిశాయి. ఎరువులు టోకున కొనడానికి, పథకాల డబ్బు తెచ్చుకోవడానికి మూడు వందల మంది ఉండటం బాగానే ఉంటుంది. ఎగుమతికి మాత్రం ఆ సంఖ్య భారం. మీ ప్రాంతంలో అలాంటి సంఘం ఉంటే అందులో చేరండి, కాని దాని లోపల పన్నెండు మందో పదిహేను మందో ఉన్న చిన్న జట్టును వేరుగా కట్టండి. ఒకే రకం, ఇంచుమించు ఒకే వయసు చెట్లు, ఒకరి తోట నుంచి ఒకరి తోటకు బండి మీద పావుగంటలో వెళ్లగలిగే దూరం, ఒకరి పుస్తకం ఒకరు చూసుకోవడానికి మొహమాటపడని స్నేహం ఉండాలి. మందు ఎవరు ఏది కొట్టాలో జట్టు ముందే నిర్ణయించి, ఒకే దుకాణంలో కొనడం మంచిది. జట్టులో ఒకరు అనుమతి లేని మందు కొట్టారని తెలిస్తే, ఆ ఏడాదికి వారి కాయ ఎగుమతి పెట్టెలోకి రాకూడదన్న నియమం ముందే కాగితం మీద ఉండాలి. బంధువులున్న జట్టులో ఈ నియమం అమలు చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే బావమరదులిద్దరూ ఉన్న జట్టుకు బయటి మనిషిని తనిఖీకి పెట్టుకోమని చెబుతుంటాను.

అరటి మన దగ్గర ఇదే పాఠాన్ని పెద్ద స్థాయిలో చూపించింది. అనంతపురం, కడప రైతులు టిష్యూ కల్చర్ జీ-9 రకం మొక్కలు, డ్రిప్పు, గెలకు తొడుగు, నేల తగలకుండా గెల మోత, తోట దగ్గరే హస్తాలు విడదీసి కడిగి పెట్టెల్లో సర్దడం అలవాటు చేసుకున్నాక, 2020 జనవరి 30న తాడిపత్రి నుంచి ముంబై జవహర్‌లాల్ నెహ్రూ ఓడరేవుకు ఒక రైలు నిండా అరటి వెళ్లింది. 43 శీతల కంటైనర్లలో 980 టన్నులు. రైలు వార్త అందరికీ గుర్తుంది. దానికి ముందు తోటల్లో జరిగిన మార్పును మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. అరటిలో ఉన్న సౌలభ్యం మామిడిలో లేదు. అరటి ఏడాది పొడవునా ఉంటుంది, కంటైనరు రోజూ నింపవచ్చు. మన బంగినపల్లి కాలం ఏడెనిమిది వారాలే; అందుకే శీతల గది మీద పెట్టిన డబ్బు మిగతా పది నెలలూ నిద్రపోతుంది.

ఇక దేశాన్ని బట్టి దారి మారుతుంది. గల్ఫ్‌కు వేడి శుద్ధి లేకుండానే పండు వెళుతుంది, ఓడలో పంపినా కొద్ది రోజుల్లో చేరుతుంది, ధర మాత్రం మధ్యస్థం. చిన్న జట్టుకు మొదటి మెట్టుగా నేను దీన్నే సూచిస్తాను. ఐరోపాకు 48 డిగ్రీల వేడి నీళ్లలో గంటసేపు ముంచాలి. జపాన్‌కు ఆవిరి శుద్ధిలో కాయ నడిమి కండ 47.5 డిగ్రీలకు చేరి ఇరవై నిమిషాలు అక్కడే నిలవాలి; ఆ దేశం రెండు దశాబ్దాల నిషేధం తరువాత 2006లో మన మామిడికి మళ్లీ తలుపు తీసింది. ఆవిరి శుద్ధి సదుపాయం తిరుపతిలోనూ, మీ నూజివీడులోనూ ఉండటం మీ అదృష్టం. అమెరికా 2007 నుంచి రేడియేషన్ శుద్ధి చేసిన మామిడినే అనుమతిస్తుంది, అదీ వారి ఇన్‌స్పెక్టరు సమక్షంలో. 2025 మేలో నవీ ముంబైలో శుద్ధి పూర్తయిన పదిహేను సరుకులను శుద్ధి పత్రాలలో లోపం ఉందంటూ అమెరికా విమానాశ్రయాల్లో నిలిపేశారు. వెనక్కు తెచ్చే ఖర్చు పండు విలువను మించిపోవడంతో ఎగుమతిదారులు వాటిని అక్కడే నాశనం చేయించుకున్నారు. పండులో లోపం లేదు, కాగితంలో ఉంది. అలాంటి దెబ్బను ఒక పెద్ద కంపెనీ తట్టుకుంటుంది. పన్నెండు మంది రైతుల జట్టు తట్టుకోలేదు.

అందుకే ఎగుమతి లైసెన్సు గురించి తొందర వద్దన్నాను. దిగుమతి ఎగుమతి కోడ్ తీసుకోవడం ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో 500 రూపాయలతో అయిపోయే పని. అంత తేలిగ్గా రావడం వల్లే చాలా మంది దాన్ని పట్టుకుని, పరిచయం లేని దేశంలోని పరిచయం లేని వ్యాపారికి అప్పు మీద సరుకు పంపి చిక్కుల్లో పడుతున్నారు. మొదటి రెండు మూడు కాపులు అనుభవమున్న ఎగుమతిదారుకు ప్యాక్‌హౌస్ గేటు దగ్గరే అమ్మండి. ఒప్పందంలో మూడు విషయాలు స్పష్టంగా రాయించుకోండి. బరువు, గ్రేడు గేటు దగ్గరే మీ మనిషి ఎదుట తేలాలి. తీసివేసిన కాయను అదే రోజు మీకు తిరిగి ఇవ్వాలి, ఎందుకంటే మర్నాడు దాని ధర సగమవుతుంది. శుద్ధి అయిన తరువాత జరిగే తిరస్కరణ నష్టం కొన్నవాడిదే కావాలి. ఈ మూడో దానికి ఒప్పుకోని ఎగుమతిదారు ఎక్కువ ధర చెప్పినా నేను పక్కన పెడతాను. డబ్బు నెల రోజుల తరువాత ఇస్తామంటే మార్కెట్లో మామూలే, కాని సగం ముందు అడగండి.

అమెరికాలో, సింగపూర్‌లో ఉన్న మన వాళ్లు బంగినపల్లి పెట్టె కోసం ఎదురు చూస్తుంటారని, వాళ్ల వాట్సాప్ గ్రూపుల ద్వారా నేరుగా అమ్మవచ్చని చాలా మంది రైతులకు ఆశ. ఆశలో నిజం ఉంది. ముందుగా ఆర్డర్లు పట్టుకోవడానికి ఆ గ్రూపులు అద్భుతంగా పనికొస్తాయి, మీ జట్టు పేరు, ఊరి పేరు పెట్టె మీద ఉంటే వచ్చే ఏడాది మళ్లీ అడుగుతారు కూడా. కాని ఆ పండు కూడా శుద్ధి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉన్న అధికారిక సరుకులోనే వెళ్లాలి. బంధువు సూట్‌కేసులో పెట్టి పంపే పండు అమెరికా విమానాశ్రయంలో చెత్తబుట్టలోకి పోతుంది.

కోత రోజు పని గురించి చెప్పాల్సింది ఇంకొంత ఉంది. గడకు చిక్కం కట్టి కోసినా, చేత్తో కోసినా, కాయకు జానెడు కాకపోయినా నాలుగు వేళ్ల వెడల్పు తొడిమ ఉండాలి. నీడలో పరిచిన పట్టా మీద కాదు, చెక్క చట్రం మీదో వలమంచం మీదో కాయను తలకిందులుగా నిలిపి, తొడిమను సెంటీమీటరు దాకా కత్తిరించి అరగంట వదలాలి. సొన అంతా నేల మీదికి కారిపోతుంది. పట్టా మీద పరిస్తే కారిన సొన పక్క కాయకు అంటుకుని, శుద్ధిలో వేడి తగిలాక నల్లటి మచ్చగా తేలుతుంది. ప్లాస్టిక్ క్రేటులో అడుగున కాగితం పరిచి రెండు వరసలకు మించకుండా సర్దాలి. తెల్లవారి మొదలుపెట్టి పది గంటలకల్లా కోత ముగించి, మధ్యాహ్నం లోపు ప్యాక్‌హౌస్ చేర్చగలిగితే మీకు శీతల గది అవసరమే రాదు. కార్బైడు మాట ఎవరూ ఎత్తకూడదు. అది ఇక్కడే నిషేధం. పచ్చికాయగానే ఇవ్వండి, పండబెట్టడం కొన్నవాడి పని.

కాలం సంగతి. డిసెంబరులో పూత కనబడగానే జట్టు కూర్చుని మందుల జాబితా ఖాయం చేసుకోవాలి. నూజివీడు శుద్ధి కేంద్రానికి జనవరిలోనే వెళ్లి ఏప్రిల్, మే వారాల్లో ఏ రోజు ఖాళీ ఉందో, కనీసం ఎంత బరువు తెస్తే యంత్రం నడుపుతారో అడిగి రాయించుకోండి. కోతకు పది రోజుల ముందు జట్టు మొత్తానికి కలిపి గుర్తింపు పొందిన ప్రయోగశాలలో అవశేషాల పరీక్ష చేయించండి. ఖర్చు వేలల్లో ఉంటుంది, పన్నెండు మంది పంచుకుంటే భారం కాదు. పరీక్షలో నెగ్గితే సరే, నెగ్గకపోతే ఆ సరుకు హైదరాబాద్ దుకాణాలకు కవరు కాయగా పోతుంది.

చివరిగా మీ అన్నగారి తోట విషయం. అది గుత్తకే పోతుందన్నారు గనక, ఆ గుత్తేదారు పవర్ స్ప్రేయరుతో కొట్టే మందు గాలికి మీ హద్దు చెట్ల మీద పడుతుంది. హద్దు వెంట రెండు వరసల చెట్లకు కవరు కట్టినా, ఎగుమతి కాయగా లెక్క వేయకండి. ఆ రెండు వరసలకు వేరే రంగు దారం పెట్టి, ఆ కాయను మొదటి నుంచీ లోకల్ మార్కెట్ పెట్టెల్లోనే సర్దించండి. గుత్తేదారును పిలిచి ఎరబుట్టలు మీ ఖర్చుతోనే అతని వైపు కూడా వేలాడదీస్తామని, రాలిన కాయలు మీ కూలివాళ్లే ఏరుకుపోతారని చెప్పి చూడండి. డబ్బు అడగని మాట గనక సాధారణంగా కాదనడు.